బావ గొంతు, నా స్క్రూడ్రైవర్

జూన్ 1, శనివారం. ఉదయం.

కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త నేను.

తీర్మానం: ఈ రోజు నుంచి పాత లాప్‌టాప్ ఒక్కటి కూడా కొనను. మంచం కింద ఉన్నవాటినే బాగుచేస్తాను. ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి విప్పుతాను. విప్పిన ప్రతిదానికీ చీటీ అంటిస్తాను.

మంచం కింద నాలుగున్నాయి. నాలుగూ ఒకటే మోడల్. ఒకదాని భాగాలు ఇంకోదానికి పనికొస్తాయని ఏరికోరి కొన్నాను. "నాలుగు చచ్చినవి కలిపితే ఒక బతికింది అవుతుందా?" అంది మా ఆవిడ. అవుతుంది. ఆవిడకి ఇంజనీరింగ్ తెలియదు. నాకూ తెలియదనుకోండి. పేపరు మిల్లు ఆఫీసులో జీతాల లెక్కలు చూస్తాను. కానీ వీడియోలు బోలెడు చూశాను.

సాయంత్రం.

అక్క వచ్చింది. సంచిలో బావ పాత లాప్‌టాప్. అసలు నాకీ మోడల్ పిచ్చి పట్టించింది అదే. ఆ రోజుల్లో బావ దాన్ని నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. "నువ్వు బాగుచేస్తానన్న గడియారం ఇంకా బాగవుతూనే ఉంది" అనేవాడు.

ఇప్పుడు అనలేడు. పోయినేడాది గొంతుకి ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఏం చెప్పాలన్నా చిన్న పలక మీద మార్కర్‌తో రాస్తాడు.

మందుల కంపెనీ పని మీద ఊళ్లు తిరిగే రోజుల్లో, బయల్దేరే ముందు కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని కథలు చెప్పి, తను లేనప్పుడు వినడానికి ఆ లాప్‌టాప్‌లో రికార్డు చేసి వెళ్లేవాడు. ఆయన గొంతు మిగిలింది అందులోనే. ఇంకెక్కడా లేదు. అదేమో ఆన్ అవట్లేదు.

"షాపుకి ఇస్తే ఏం చేస్తారో ఏమోనని భయంరా. నీకైతే భయం లేదు" అంది అక్క.

నా మీద ఇంత నమ్మకం మా ఇంట్లో ఎవరికీ లేదు. గుండె పొంగిపోయింది.

జూన్ 2, ఆదివారం.

విప్పాను. ఎక్కడి స్క్రూలు అక్కడివే అని ఒక్కో స్టీలు కప్పులో వేసి, కప్పుకో చీటీ అంటించాను. "మూత - ఎడమ". "మూత - కుడి". "కీబోర్డు". చూడముచ్చటగా ఉంది. ఫోటో కూడా తీశాను.

జబ్బు కనిపెట్టాను. ఆన్ చేస్తే ఆపరేటింగ్ సిస్టమ్ దొరకలేదంటోంది. అంటే హార్డ్ డిస్క్ పోయింది. లోపల బిళ్ల బ్యాటరీ కూడా పోయింది. అందుకని ఎప్పుడు ఆన్ చేసినా తేదీ జనవరి ఒకటే చూపిస్తోంది. పాపం, దానికి రోజూ కొత్త సంవత్సరమే.

డిస్క్ రాలేదు. కాస్త గట్టిగా లాగాల్సి వచ్చింది. మొత్తానికి వచ్చింది.

మా ఆవిడ: "టీ దేంట్లో తాగాలి?"

జూన్ 4, మంగళవారం.

ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి అన్న నియమానికి చిన్న సవరణ. మంచం కింది నాలుగింటినీ విప్పాను. విప్పడం అంటే విప్పడం కాదు. వాటి డిస్కులు ఒక్కొక్కటీ బావ లాప్‌టాప్‌లో పెట్టి, ఏదన్నా పనిచేస్తుందేమో చూశానంతే. అరువు లాంటిది.

ఏదీ పనిచేయలేదు. ఒకటైతే లోపల ఎవరో తలుపు తడుతున్నట్టు టకటకమంది. అయిదు డిస్కులూ బిస్కెట్ల డబ్బాలో పడేశాను.

పడేసినవాటిలోంచి ఒకటి తీసి, దాని మూత ఊడదీశాను. సరదాకి. డిస్కులో ఎంత గట్టి అయస్కాంతం ఉంటుందో తెలిస్తే ఎవరైనా ఇదే పని చేస్తారు. ఫ్రిజ్‌కి అంటించి కరెంటు బిల్లు పెట్టాను. ఊడిపడదు. లోపలి గుండ్రటి రేకు అద్దంలా మెరుస్తుంటే మా ఆవిడకిచ్చాను. బొట్టు సరిచూసుకుంది. పెళ్లయ్యాక నేనిచ్చినవాటిలో పనికొచ్చే వస్తువు ఇదేనట.

జూన్ 6, గురువారం.

మొదటి నియమం చెక్కుచెదరలేదని ముందే రాసుకుంటున్నాను. ఆఫీసులో పక్క సీటాయన దగ్గర ఇదే మోడల్ ఉందట, అటక మీద. నేను కొనలేదు. ఆయనే ఇచ్చాడు. నేను ఆయన నెలాఖరు లెక్కలు చేసిపెడతానన్నాను. దాన్ని కొనడం అనరు.

సాయంత్రం దాని డిస్క్ తీసి బావ లాప్‌టాప్‌లో పెట్టాను. బటన్ నొక్కాను. ఫ్యాను తిరిగింది. తెర వెలిగింది. కంపెనీ బొమ్మ వచ్చింది. మిగతాది అందరి ముందూ చూద్దామని అక్కడితో ఆపేశాను.

చేసింది నేను. ఈ చేతులతో. అక్కకి ఫోన్ చేసి "శనివారం తెస్తున్నా, కాచుకో" అన్నాను.

స్క్రూలు బిగించాక మూడు మిగిలాయి. కంపెనీవాళ్లు ఎప్పుడూ రెండు మూడు ఎక్కువే వేస్తారు.

జూన్ 8, శనివారం.

రాయాలని లేదు. రాస్తాను.

అక్కావాళ్ల హాల్లో అందరం కూర్చున్నాం. బావ ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నేను మూత తెరిచి బటన్ నొక్కి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

తెర నిండా మా పక్క సీటాయన. ఏదో జలపాతం ముందు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నవ్వుతున్నాడు.

"ఎవర్రా ఈయన?" అంది అక్క.

అప్పుడు తెలిసింది నాకు. డిస్క్ మార్చానంటే అందులో ఉన్నవన్నీ మార్చేశానని. కంప్యూటరు ఆన్ అవ్వాలన్న యావలో అది ఎందుకు ఆన్ అవ్వాలో మర్చిపోయాను. చిన్నపిల్లాడికి తట్టే విషయం. నాకు తట్టలేదు.

బావ పలక మీద రాసి నావైపు తిప్పాడు: "గొంతు పోయింది సరే. మొహం కూడా మారిందా?"

అక్క నవ్వలేదు. "కథలేవిరా?" అంది.

"పాత డిస్కులో. మా ఇంట్లో. భద్రంగా ఉంది" అన్నాను.

జూన్ 9, ఆదివారం.

భద్రంగానే ఉంది. ఏది అన్నదే తెలియడం లేదు.

ఒకే మోడల్ కొన్న మొనగాణ్ణి నేనే కదా. డిస్కులన్నీ ఒకే కంపెనీవి, ఒకే సైజువి, పైన ముద్రలూ ఒకలాంటివే. స్క్రూల కప్పులకి అంటించాను చీటీలు. డిస్కులకి అంటించలేదు.

ఇంతవరకూ ఫరవాలేదు. ఫ్రిజ్ వైపు చూశాను. ఊడదీసింది ఎవరి డిస్కు? ఆ అయస్కాంతం ఎవరిది? ఆ రేకు మీద ఉన్నది బావ కథలా?

డబ్బాలో మిగిలిన నాలుగింటినీ వైరు తగిలించి నా కంప్యూటర్‌కి కలిపాను. లాప్‌టాప్‌ని నడపలేకపోయినా, రెండింట్లో దాచినవి కనబడ్డాయి. ఒకదాంట్లో ఎవరో పిల్ల అగ్నిపర్వతాల గురించి రాసిన ప్రాజెక్టు. ఇంకోదాంట్లో ఎవరిదో జాతకం, అద్దె ఇళ్ల ఫోటోలు. మిగతా రెండూ అసలు కనబడనే లేదు. బావది ఆ రెంటిలో ఒకటి. లేదా మా ఆవిడ బొట్టు చూసుకునే అద్దం.

మా ఆవిడకి చెప్పాను. తిడుతుందనుకున్నాను. అద్దం మెల్లగా తీసి, మెత్తటి గుడ్డలో చుట్టి, బీరువాలో పెట్టింది. తిట్టినా బాగుండేది.

జూన్ 10, సోమవారం.

అక్క ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తి "ఇంకాస్త పనుంది, చిన్న భాగం రావాలి" అన్నాను.

"తొందరేం లేదురా" అంది. మళ్లీ తనే, "తొందరే అనుకో. ఆయన గొంతు నాకు సరిగ్గా గుర్తు రావట్లేదురా. ఏం మాట్లాడేవాడో అన్నీ గుర్తున్నాయి, గొంతు మాత్రం జారిపోతోంది. రోజూ ఎదురుగానే ఉంటాడు, ఎలా అడగను?" అంది.

ఫోన్ పెట్టేశాక బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. నాకూ గుర్తు రావట్లేదు. ఆ మాట అక్కకి చెప్పలేదు.

జూన్ 13, గురువారం.

కొన్నాను. రెండు. అదే మోడల్.

ఎందుకంటే చెప్పలేను. వాటి అవసరం లేదు. ప్రకటన కనబడింది, వేలు దానంతటదే నొక్కింది. తాగుబోతులు ఇలాగే చెబుతారని తెలుసు.

చెప్పుల స్టాండు వెనక దాచాను. సాయంత్రానికి మా ఆవిడకి దొరికాయి. "కుక్కతోక వంకర" అని మొదలెట్టి, నా మొహం చూసి సగంలో ఆపేసింది. తర్వాత అంది: "అన్నయ్యగారికి ఉన్నదున్నట్టు చెప్పేయండి. దాచినకొద్దీ మీరు ఇంకా కొంటారు."

జూన్ 15, శనివారం.

ఇద్దరం వెళ్లాం. సంచిలో రెండు డిస్కులు, వైరు, నా కంప్యూటరు. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో గుడ్డలో చుట్టిన అద్దం.

అంతా చెప్పాను. అయస్కాంతం సంగతి కూడా. అక్క కుర్చీలో కూలబడింది. బావ మాత్రం పలక తీసుకోలేదు. చెయ్యి చాచి, డిస్క్ తగిలించమని సైగ చేశాడు.

మొదటిది తగిలించాను. టకటక. బావ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

ఇక మిగిలింది ఒకటే. ఇదీ కాకపోతే అద్దమే. నేను అక్కవైపు చూడలేదు.

రెండోది తగిలించాను. ముందు ఏం లేదు. తర్వాత సన్నగా కీచుమని, ఒకసారి తుమ్మినట్టు ఆగి, గుర్రుమని తిరగడం మొదలెట్టింది. బావ చెయ్యి పైకెత్తాడు. కళ్లు మూసుకుని ఇంకాసేపు విన్నాడు. పలక మీద రాశాడు: "ఇదే. రోజూ పక్కనే గురక పెట్టేది. తెలియదా."

అక్క నా వీపు మీద ఒక్కటిచ్చింది. తర్వాత అక్కడే చెయ్యి ఉంచేసింది.

తిరుగుతోంది గానీ కంప్యూటర్‌లో కనబడదే. మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, వైరు తగిలే చోట డిస్క్ అంచు చూసింది. "ఈ సూదుల్లో ఒకటి పడుకుందండీ." నిజమే. నేను కాస్త గట్టిగా లాగిన రోజు పడుకున్నట్టుంది. ఆవిడ కనుబొమ్మలు సరిచేసుకునే పట్టకారుతో దాన్ని నిలబెట్టింది. నేను అప్పుడు గోడవైపు తిరిగి ఉన్నాను.

కనబడింది. ఫోల్డరు నిండా కథలు. మొదటిది కాపీ అయింది. రెండోది సగంలో ఉండగా కాలిన వాసన వచ్చి డిస్క్ ఆగిపోయింది. మళ్లీ తిరగలేదు.

సరే, ఒక్కటి. నొక్కాను.

"...అప్పుడు ఏనుగు చెప్పుల కొట్టుకి వెళ్లిందిట. కొట్టతను అన్నాడూ, అమ్మా, మీకు ఒక జత చాలదు, రెండు కొనాలి అన్నాడు. ఏనుగేమో..."

ఎంత బొంగురు గొంతు. అవును, బావది బొంగురు గొంతు. ఎలా మర్చిపోయానో.

రికార్డులో ఏదో తలుపు చప్పుడైంది. బావ గొంతు తగ్గించి అన్నాడు: "ఆగు తల్లీ. మీ మామయ్య వచ్చాడు. ముందా స్క్రూడ్రైవర్ దాచెయ్."

అక్క నవ్వింది. నవ్వుతూనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. చాలాసేపు తీయలేదు. "ఇంకోసారి పెట్టరా" అంది. పెట్టాను. ఇంకోసారి. ఇంకోసారి.

బావ పలక మీద రాశాడు: "గొంతు బాగుంది. ఎవరిది?" ఆయన కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

జూన్ 16, ఆదివారం.

డిస్క్ కింద ఆకుపచ్చ అట్టలాంటి సర్క్యూటు ఉంటుంది. కాలింది అది. అచ్చంగా అలాంటిది ఇంకో డిస్కు నుంచి తీసి బిగిస్తే మిగతా కథలు రావచ్చు. రాకపోవచ్చు. నా దగ్గరున్నవన్నీ పోల్చి చూశాను. డిస్కు మీది నంబరులో అన్నిటికీ ఒక్క అక్షరం తేడా. ఇంటినిండా లాప్‌టాప్‌లే, అక్కరకొచ్చేది ఒక్కటి లేదు.

మధ్యాహ్నం మా ఆవిడ ఫోన్ నా ముందు పెట్టింది. "ఈ ఫోటోలో డిస్కు మీద అక్షరం అదేనా చూడండి." అదే. పాత లాప్‌టాప్, పనిచేయదు, విడిభాగాలకి మాత్రమే అని ఉంది.

"కొననని తీర్మానం చేశాను" అన్నాను.

"నేను చేయలేదుగా" అంది. ఆర్డరు పెట్టేసింది.

జూన్ 22, శనివారం.

అక్కావాళ్లింటికి వెళ్లాను. గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాను. లోపల్నుంచి బొంగురు గొంతు:

"మీ మామయ్య వచ్చాడు. ముందా స్క్రూడ్రైవర్ దాచెయ్."

బావ సోఫాలో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్క సీటాయన ఫోటో తీసేసి, నేనిచ్చిన కథలోంచి ఆ ఒక్క మాట కత్తిరించి పెట్టుకున్నాడట. పాలబ్బాయి వచ్చినా నొక్కుతున్నాడట, కొరియరతను వచ్చినా నొక్కుతున్నాడట. "పొద్దున్నుంచీ ఇదే గోలరా. నోరు మూయించడం నా వల్ల కావట్లేదు" అని అక్క విసుక్కుంది. ఆ విసుగు విని ఎన్నాళ్లయిందో.

నా జేబులో స్క్రూడ్రైవర్ ఉన్న మాట నిజమే.

తీర్మానం, కొత్తది. ఈ రోజు నుంచి పాత లాప్‌టాప్ ఒక్కటి కూడా కొనను. దారిలో ఉన్నది లెక్కలోకి రాదు, అది మా ఆవిడది. ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి విప్పుతాను. చీటీలు ముందు డిస్కులకి, తర్వాతే కప్పులకి.

మొదటి చీటీ అంటించేశాను. దాని మీద "బావ" అని రాశాను. తిరగని డిస్కే, అయినా బీరువాలో మా ఆవిడ నగల పక్కన పెట్టాం.