పదకొండు గ్రాములు

విజయవాడ గవర్నర్‌పేటలో కాపురముంటున్న, కీర్తిశేషులు కాశీరావు గారి కుమారుడు, డెబ్భై నాలుగేళ్ల వయస్సు గలవాడు, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో ఫిట్టరుగా చేరి ఫోర్‌మన్‌గా రిటైరైనవాడు, బసవపున్నయ్య అను నేను, బుద్ధి నిలకడగా ఉండగానే, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, సొంత దస్తూరీతో రాసుకున్న వీలునామా. నా గుండె సగమే పని చేస్తోందని డాక్టరు గారు చెప్పారు. బుర్ర గురించి ఆయన ఏమీ అనలేదు కనక అది బాగానే ఉన్నట్టు. ప్లీడరు గారు టైపు చేయిస్తానన్నారు గాని వద్దన్నాను. ఇందులో నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. ఎవరో టైపిస్టు దాన్ని టకటకా కొట్టుకుంటూ పోవడం నాకిష్టం లేదు.

ఆ తప్పు ఆరో అంశంలో ఉంది. నా భార్య మాణిక్యం ఎలా పోయిందో, మా ఒక్కగానొక్క అమ్మాయి సింధూరి తొమ్మిదేళ్లుగా మోస్తున్న నింద నిజానికి ఎవరిదో అక్కడ రాశాను. దానికి ముందున్నవన్నీ చిన్న చిన్న వస్తువుల సంగతులు. నేరుగా అక్కడికి పోవాలనుకునేవాళ్లు పోవచ్చు. నేను మాత్రం నేరుగా పోలేకపోతున్నాను.

1. ఇంతకు ముందు నేను రాసిన వీలునామాలేవైనా ఉంటే అవి ఇందుమూలంగా రద్దు. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత బీసెంట్ రోడ్డు మలుపులో గొడుగులు బాగుచేసే పాల్‌కి అప్పగిస్తున్నాను. ముప్ఫయ్యేళ్లుగా నన్ను ఎరిగినవాడు, రిటైరయ్యాక నడకల్లో నా వెంట ఉన్న మనిషి. చదువు ఐదో తరగతే గాని, చెప్పిన మాట చెప్పినట్టు చేస్తాడు. మా బంధువుల్లో డిగ్రీలున్నవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల గురించి ఈ మాట రాయలేను.

2. నా కష్టార్జితమైన గవర్నర్‌పేట ఫ్లాటు, అందులోని సామానుతో సహా, నా తదనంతరం నా మనవరాలు, అనగా సింధూరి కూతురు పద్మశ్రీకి సర్వహక్కులతో చెందాలి. సింధూరి పేరు ఎందుకు లేదని ఎవరూ గుసగుసలు పోనక్కర్లేదు. కారణం చివరి అంశంలో చెప్పాను.

3. ఇక నా బీరువా కింద అరలో ఉన్న సామాను. చూసినవాళ్లకి చెత్తలా కనిపిస్తుంది. పాత పేపర్లవాడికి వేసేస్తారేమోనన్న భయంతో వివరంగా రాస్తున్నాను.

రిటైరయ్యాక నాకు కాలినడక పిచ్చి పట్టింది. కొండపల్లి అడవిలోనూ, కృష్ణా కరకట్ట మీదా నడిచి, చీకటి పడినచోట గుడారం వేసుకుని, గంజి కాచుకుని పడుకునేవాళ్లం. మొదటిసారి ఎవరి దగ్గరో టెంటు ఎరువు తెచ్చాను. నాలుగు కిలోలు. దాన్ని మోసుకుంటూ వెళ్లి భుజం వాచి వచ్చాను. అప్పట్నుంచి ఇంట్లో పడి ఉన్నవాటితోనే అన్నీ చేసుకోవడం మొదలుపెట్టాను. చేసిన ప్రతిదాన్నీ వంటింటి కాటా మీద పెట్టి, ఎన్ని గ్రాములో దాని మీదే మార్కరుతో రాసేవాణ్ణి. పళ్లు తోముకునే బ్రష్షు పిడి కూడా సగానికి కోశాను. మాణిక్యం ఆ సగం బ్రష్షును చుట్టుపక్కల అందరికీ చూపించి నవ్వింది.

(క) ఆరు పాత గొడుగుల గుడ్డ విప్పి కుట్టిన గుడారం, 480 గ్రాములు. కుట్ల మీద కొవ్వొత్తి రుద్ది ఉంది కనక నీరు కారదు. నేలలో గుచ్చే మేకులు గొడుగు ఊచలే. ఇది పాల్‌కి. గొడుగులు ఇచ్చింది అతనే కాబట్టి ఇవ్వడం అనకూడదు, తిరిగి అప్పగించడం అనాలి.

(ఖ) కూల్‌డ్రింక్ టిన్నులతో చేసిన పొయ్యి, 12 గ్రాములు, పద్మశ్రీకి. అమ్మలూ, ఇది అణిగిపోతే మళ్లీ చేసుకోవడం ఇలా. రెండు టిన్నుల అడుగుభాగాలు బొటనవేలంత ఎత్తున కత్తిరించు. ఒకదాని అంచు కొంచెం నొక్కి రెండోదాన్ని దానిలోకి దించు. పై అంచు చుట్టూ గుండుసూదితో పదహారు చిల్లులు పొడువు. మధ్యలో స్పిరిట్ పోస్తే రెండు గ్లాసుల నీళ్లు మరుగుతాయి. మంట పగటిపూట కంటికి కనపడదు, ఆరిందనుకుని మళ్లీ పోయకు. గుడారం లోపల ఎప్పుడూ వెలిగించకు. అందరూ మోసేదానికన్నా నీ సంచి రెండు వందల గ్రాములు బరువుగా ఉన్నా ఫరవాలేదు. ఈ మాట నా నోటి నుంచి వస్తుందని నేనే అనుకోలేదు.

(గ) కారు అద్దానికి ఎండ తగలకుండా పెట్టే వెండి రంగు రేకు, రెండు కలిపి అతికించిన పరుపు, 190 గ్రాములు. ఇది మా ఎదురు ఫ్లాటు హెప్సిబా గారికి. ఆవిడ నర్సుగా రిటైరయ్యారు, నడుం నొప్పి. నేల మీద పడుకోండి తగ్గుతుంది అంటే నన్ను తిట్టారు. అయినా ఇస్తున్నాను.

4. యూరియా సంచి లోపలి ప్లాస్టిక్ కవరుకి ఒక మూల లోపలికి మడిచి చేసిన వానతొడుగు, 60 గ్రాములు, ఉయ్యూరులో ఉంటున్న నా చెల్లెలు గంగారత్నానికి. మొదట ఇక్కడ, వానకు నెత్తికీ మిగతా రోజుల్లో నోటికీ అడ్డం కట్టుకోవచ్చని రాశాను. తర్వాత ఆ వాక్యం ఉంచాలా కొట్టేయాలా అని చాలాసేపు ఆలోచించాను. సింధూరిని ఆవిడ అన్న మాట కటువైనదే. కానీ తెలియక అంది. తెలిసి ఊరుకున్నవాణ్ణి నేను. నీకు తొడుగు మాత్రమే ఇస్తున్నానమ్మా, ఎగతాళి వెనక్కి తీసుకుంటున్నాను.

5. మాణిక్యం బంతిపువ్వు రంగు నైలాన్ చీరతో కుట్టిన ఉయ్యాల, తాళ్లతో కలిపి 350 గ్రాములు. చీర ఇవ్వమని అడిగినప్పుడు ఆవిడ, ఒంటికి కట్టుకున్నన్నాళ్లూ బాగుందని ఒక్కసారీ అనలేదు, చెట్టుకి కట్టాక మెచ్చుకుంటున్నారు అంది. నిజమే. ఆ చీరలో ఆవిడ బాగుండేది. దాన్ని ఎవరికీ రాయడం లేదు. నన్ను సాగనంపేటప్పుడు నాతో పంపేయండి.

6. నా జీవితంలో నేను ఎక్కువసార్లు అన్న మాట తేలిగ్గా ఉండాలి అన్నది. సంచి సర్దేముందు అదే, సర్దాక అదే. మాణిక్యం విసుగెత్తి ఒకసారి, సంచి తేలిగ్గా ఉంటే చాలు మీకు, మనుషుల్ని తేలిగ్గా చూసినా ఫరవాలేదు అంది. ఆ రోజు నవ్వేశాను.

2017 జనవరి చివర్లో కోడూరు నుంచి హంసలదీవికి నడిచివెళ్లి, ఒక రాత్రి సముద్రం దగ్గర పడుకుని రావాలని నేను, మాణిక్యం, పాల్ అనుకున్నాం. మాణిక్యానికి ఆయాసం. మందు పీల్చే ఇన్‌హేలర్ ఎప్పుడూ దగ్గరుండాలి. అప్పట్లో సింధూరి, అల్లుడు కిరీటి కంకిపాడులో మందుల షాపు నడిపేవారు. బయల్దేరే ముందు రోజు సింధూరి వచ్చి తల్లి మందుల సంచి తనే సర్దింది. వాడుతున్న పాత ఇన్‌హేలర్, షాపు నుంచి తెచ్చిన కొత్తది, రెండూ పెట్టింది. పాతది ఇవాళో రేపో అయిపోతుందమ్మా, కొత్తది పక్కనే ఉంది అని తల్లికి చెప్పి వెళ్లిందట. ఏ వస్తువూ ఆఖరి బొట్టు దాకా పిండనిదే మాణిక్యం పారేయదు. వాళ్లు వంటింట్లో ఈ మాటలు అనుకుంటున్నప్పుడు నేను బయట గొడుగు ఊచలు వంచుకుంటున్నాను.

మర్నాడు పొద్దున మాణిక్యం స్నానానికి వెళ్లినప్పుడు సంచులు కాటా మీద పెట్టాను. మందుల సంచిలో ఒకలాంటివే రెండు కనిపించాయి. ఒకే పని చేసే వస్తువులు రెండుండకూడదన్నది నా నియమం. విడివిడిగా తూచాను. ఒకటి ఇరవై ఎనిమిది గ్రాములు, ఇంకోటి పదిహేడు. బరువుగా ఉన్నది తీసేసి తేలిగ్గా ఉన్నది ఉంచాను. పదకొండు గ్రాములు తక్కువగా ఉన్నదాన్ని ఎంచుకున్నానని సంతోషించాను కూడా.

గ్యాసు బండను చేత్తో ఎత్తి చూసి ఇంకా ఎన్ని రోజులు వస్తుందో చెప్పే మనిషిని నేను. మా అపార్ట్‌మెంటులో ఆడవాళ్లు బండ చూడమని నన్నే పిలిచేవారు. అలాంటివాడికి, తేలిగ్గా ఉన్నది ఖాళీ కాబట్టే తేలిగ్గా ఉందని తట్టలేదు. మాణిక్యానికి చెప్పకుండా తీశాను. చెబితే వాదిస్తుందని చెప్పలేదు.

హంసలదీవిలో రెండో రోజు పొద్దున ఏడింటికి మంచు విపరీతంగా ఉంది. పొలాల్లో వరిగడ్డి తగలబెట్టిన పొగ ఆ మంచులో ఇరుక్కుని కదలడం లేదు. మాణిక్యానికి ఊపిరి అందలేదు. ఇన్‌హేలర్ నొక్కింది. ఏమీ రాలేదు. ఊపి మళ్లీ నొక్కింది. తర్వాత మందుల సంచి బోర్లించి, ఇంకోటి ఉండాలి, అమ్మాయి పెట్టింది అంటూ ఇసుకలో చేత్తో వెతికింది. ఏం వెతుకుతోందో నాకు తెలుసు. అది ఇంట్లో కాటా పక్కన ఉందని ఆవిడకి చెప్పలేకపోయాను. మొదటి నొక్కుకి ఏమీ రానప్పుడే పరిగెత్తిన పాల్ ఆటో తెచ్చాడు. కోడూరు చేరకముందే నా ఒళ్లోనే పోయింది. కూతురు మరిచిపోయిందనుకుంటూనే పోయిందేమో. ఈ ఒక్క ఆలోచనతో తొమ్మిదేళ్లుగా నాకు అన్నం సయించడం లేదు.

ఇంటికి తెచ్చాక, కాటా పక్కనున్నదాన్ని ఎవరి కంటా పడకముందే తీసి దాచాను. ఎలా జరిగిందని అందరూ అడిగారు. సంచిలో ఉన్నది ఖాళీదని పాల్ చెప్పాడు, అతనికి తెలిసింది అంతే. మందుల షాపు పెట్టుకుని కన్నతల్లికి ఖాళీ డబ్బా కట్టిచ్చింది అని గంగారత్నం నలుగురిలో అంది. సింధూరి ఏడుస్తూ నా దగ్గరికి వచ్చి, నాన్నా, నేను కొత్తది కూడా పెట్టాను, మీరు చూశారా అని అడిగింది. అందరూ నా వైపు చూశారు. నేను చూడలేదమ్మా అన్నాను.

ఆ మాట తర్వాత తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. నెల తర్వాత చెబుదామనుకున్నాను, సంవత్సరీకం దాకా ఆగుదామనుకున్నాను. ఆలస్యమైనకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. సింధూరి మందుల షాపులో కూర్చోవడం మానేసింది. ఏడాది తిరక్కుండానే షాపు తీసేశారు. ఇప్పటికీ పద్మశ్రీకి క్యారేజీ కట్టి, మూత తీసి చూసుకుని, మళ్లీ మూతపెట్టి, చెంచా పెట్టానా పద్మా అని అడుగుతుంది. తను చేసిన పనిని తనే నమ్మలేని మనిషిని చేశాను నా కూతుర్ని. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇది పంచడానికి వీల్లేని పాపం, మొత్తం నాదే.

కావున ఇందుమూలంగా ప్రకటించేదేమంటే, ఆ రోజు సింధూరి రెండూ పెట్టింది. కొత్తదాన్ని తీసింది నేను. ఈ ఆరో అంశాన్ని నా పెద్దకర్మ రోజున పాల్ గట్టిగా చదవాలి. విస్తళ్లు వేయకముందే చదవాలి, భోజనాలయ్యాక మావాళ్లెవరూ ఆగరు.

7. వీలునామా అనేది రాసినవాడు పోయాకే నోరు విప్పుతుంది. నిజం చెప్పాలంటే అందుకే దీన్ని మొదలుపెట్టాను. అమ్మాయి చదువుకునేసరికి నేను ఉండను, దాని ముఖం చూడాల్సిన పని ఉండదు. మొదటి చిత్తు ప్రతి రాసినంతసేపూ అలాగే ధైర్యంగా ఉన్నాను.

తర్వాత ప్లీడరు గారు ఒక జాగ్రత్త చెప్పారు. ఆస్తి ముట్టేవాళ్ల చేత సాక్షి సంతకం పెట్టించకండి, రేపు పేచీ వస్తుంది అన్నారు. ఆ రోజంతా అదే ఆలోచించాను. సింధూరికి ఏమీ రాయకపోతే సింధూరే సాక్షి కావచ్చు. సాక్షి నా ఎదురుగా కూర్చోవాలి, నేను సంతకం పెడుతుంటే చూడాలి. కాబట్టి అమ్మా, నీకు ఫ్లాటు రాయకపోవడం కోపంతోనో మరుపుతోనో కాదు. నీ ముందు తల వంచుకోవడానికి నాకు దొరికిన దారి ఇదొక్కటే.

సాక్షులు వీలునామా చదవనవసరం లేదని కూడా ప్లీడరు గారు అన్నారు. నువ్వు చదవాలి. ఈ కాగితాలతో పాటు ఆ కొత్త ఇన్‌హేలర్ కూడా నీకు పంపుతున్నాను. మీ షాపు ధర చీటీ ఇంకా దాని మీదే ఉంది. అది ఆస్తి కాదు, సాక్ష్యం, అందుకే ఏ అంశంలోనూ చేర్చలేదు. చదివాక రావాలనిపిస్తే రా. రాకపోతే ఇంకెవరి చేతనైనా పెట్టించుకుంటాను, నిన్ను ఏమీ అనుకోను. వస్తే మాత్రం, అడగాల్సింది అడుగు. ఈసారి చూడలేదు అనను.

రాసి ముగించినది: 2026 ఫిబ్రవరి 9, సోమవారం, విజయవాడ.

సంతకం చేసినది: 2026 ఫిబ్రవరి 12, గురువారం, సాక్షులిద్దరి ఎదుట.

(సంతకం) బసవపున్నయ్య

సాక్షులు:

1. హెప్సిబా, రిటైర్డ్ నర్సు, గవర్నర్‌పేట. నాకు రాసిన పరుపు వద్దనుకునే సాక్షి సంతకం పెడుతున్నాను.

2. సింధూరి, కంకిపాడు. మూడు రోజులు నా దగ్గర ఉంచుకుని మొత్తం చదివాను. సాక్షిగా మాత్రమే సంతకం చేస్తున్నాను. ఆ రోజు రెండూ నేనే పెట్టాను.