అమ్మ చెయ్యెత్తితే కారు ఆగింది

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున్నే నీ ఫొటోకు దండ వేసి, అమ్మను నాతో సూరత్ దగ్గరి పల్సానాకు తీసుకెళ్లాను. అక్కడ ఖాళీగా ఉన్న ఒక మిల్లు ఆవరణలో మా బృందం డ్రైవర్ లేని కారును పరీక్షిస్తోంది. బొమ్మ మనుషులను చూసి అది ఆగుతోంది. కానీ మన సూరత్ జనం రోడ్డు ఎలా దాటుతారో దానికింకా నేర్పాలి. కరోనా భయంతో ఎవరూ ముందుకు రాకపోతే అమ్మే, "నేనొస్త తియ్" అంది.

ఆమె నడక నీకు తెలుసుగా! నీ టెంపోకే ఎన్నిసార్లు అడ్డం వచ్చిందో. మాస్కు సర్దుకుని, అటూ ఇటూ చూడకుండా అరచెయ్యి ఎత్తి నడిచింది. కారు నెమ్మదిగానే వస్తోంది. అయినా బ్రేకు రిమోట్ మీట మీద వేలు పెట్టే ఉంచాను. నేను నొక్కకముందే కారు దానంతటదే ఆగింది. అందరం చప్పట్లు కొట్టాం.

అమ్మ ఖాళీ డ్రైవర్ సీటులోకి తొంగిచూసింది. "మీ బాపయితే ఆపి మరీ తిట్టేటోడు. గిది జర మర్యాద తెలిసిన బండి" అని పకపకా నవ్వింది.

"ఇంకోసారి దాటాల్నా?" అని తనే అడిగింది.

ఇంటికి పోదామన్నా వినకుండా, మధ్యాహ్నం దాకా దాటుతూనే ఉంది బాపూ.

నీ బిడ్డ,
స్వరూప