తెల్లగా వదిలిన కాలమ్

బుకారెస్ట్, మార్చి 3, 1938

ప్రియమైన ప్రొఫిరా అత్తయ్యా,

ఏళ్లుగా మోస్తున్న ప్రశ్న: గ్రిగోరె రాసిన వ్యాసం తీసేసి, నాన్న పత్రికలో ఆ కాలమ్‌ను తెల్లగా వదిలిందెవరు? రైతులపై కాల్పుల సంగతిని సెన్సారు కోసేస్తే, జంకకుండా ఆ ఖాళీ అందరికీ కనబడేలా వేశాడని యాష్ ఊరంతా నాన్నను భుజాల మీద ఊరేగించింది. ఆ ఊపులోనే మంత్రి అయ్యాడు. వ్యాసాన్ని ముందే పోలీసులకు చేరవేసింది గ్రిగోరేనని నాన్న చెబితే, నేను నిశ్చితార్థపు ఉంగరం తిప్పి పంపేశాను.

నిన్న రైల్లో అప్పటి సెన్సారు అధికారి కలిశాడు. "అది నా బల్ల మీదికి రానేలేదమ్మా" అన్నాడు.

నాన్న సంవత్సరీకానికి వస్తానని గ్రిగోరె రాశాడు. రమ్మననా?

నీ స్మరంద

యాష్, మార్చి 9

స్మరందా, తల్లీ,

కత్తెర పట్టినవాడే గుడ్డ ఎరగనంటే నమ్మేశావా? చదువెక్కువైతే కన్నతండ్రి మీదా అనుమానమే! అంత జమీందారు మీ నాన్న, చేయని త్యాగానికి పేరు కొట్టేయడం దేనికే? చెర్రీ మురబ్బా పంపుతున్నాను, తిను. గ్రిగోరెని పిలవకు.

మీ అత్తయ్య

బుకారెస్ట్, మార్చి 14

ప్రియమైన అత్తయ్యా,

మురబ్బా అందింది. జవాబు అందలేదు. ఆ పత్రిక అచ్చయ్యే ముందు సాయంత్రం సెన్సారాయన మనింట్లోనే భోంచేశాడు. ఇదే మురబ్బా నేనే వడ్డించాను. నాన్న మధ్యలో లేచి కింద అచ్చుగదికి వెళ్లొచ్చాడు. చొక్కా చేతుల అంచున సిరా. అచ్చక్షరం ముట్టని మనిషికి సిరా ఎలా అంటింది?

స్మరంద

యాష్, మార్చి 20

మొండిపిల్లా,

అన్నయ్యే తీశాడు. భోజనాల దగ్గర ఆ పెద్దమనిషి నవ్వుతూ, "కాల్పుల మీద రాసేవాణ్ణి జైల్లో కాదు, ఏట్లో వెతుక్కోవాలి" అన్నాడు. అన్నయ్య మూతి తుడుచుకుని కిందికి వెళ్లాడు. తెల్లారేసరికి జనం జేజేలు. "నేనే తీశాను" అనడానికి నోరు రాలేదు. గ్రిగోరె కూపీ లాగుతున్నాడని తెలిసి, వాడి మీదే మచ్చ వేశాడు.

"కాపాడింది వాణ్ణా, నీ పదవినా?" అని ఒకసారి అడిగాను.

"రెండూ కలిసొచ్చాయే చెల్లీ. ఆ మురబ్బా ఇటు తే" అన్నాడు.

నీ అత్తయ్య

బుకారెస్ట్, మార్చి 26

ప్రియమైన అత్తయ్యా,

గ్రిగోరెని రమ్మన్నాను. నా పక్కనే కూర్చుంటాడు. అతను పోలీసుల మనిషి కాడని అందరి ముందూ నేనే చెబుతాను.

అతను బతికున్నది నాన్న చలవేనేమో. కానీ కాపాడటానికే అయితే, ఆ చోట ఏ సబ్బు ప్రకటనో వేసుకోవచ్చు కదా? తెల్లగా ఎందుకు వదిలాడు?

సంవత్సరీకంలో పంచే తీపి గోధుమలు చేతిలో పడగానే అందరం "దేవుడు ఆయన్ని క్షమించుగాక" అనాలి. నేనూ అంటాను. ఆ మాటతో నాన్న తప్పుకు క్షమాపణ అడుగుతానో, నాన్నకు కృతజ్ఞత చెబుతానో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నీ స్మరంద