బాయిలరు సంఘం చెవులూ, కార్యదర్శి నోరూ

జనవరి 8, 1989. ఆదివారం.

ఈ రోజు నుంచి ఉపన్యాసం బంద్. ప్రాజెక్టు ముగిసేదాకా. రాసి సంతకం పెడుతున్నాను: కృపారావు, తెలుగు పంతులు, విశ్రాంత బాయిలరు కార్మికుల సంఘం కార్యదర్శి, ఖరగ్‌పూర్.

కారణం ఇది. ఊళ్ళో ఉన్న ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి మైతి ప్రొఫెసరు గారు, ఆఖరి ఏడాది చదువుతున్న ఇద్దరు పిల్లల్ని (రాధ, మురళీ, ఇద్దరిదీ గుంటూరు వైపు) వెంటబెట్టుకుని ఝపటాపూర్‌లోని సంఘం గదికి వచ్చారు. ఈ ఏడాది పరీక్షకి బొమ్మ యంత్రాలు చాలవట. ఊళ్ళో ఏదో ఒక సంస్థకున్న నిజమైన ఇబ్బంది తీర్చాలట. మా ఇబ్బంది చెప్పడం తేలిక. సభ్యులంతా రైల్వే వర్క్‌షాపులోని బాయిలరు షాపులో చెవులు పోగొట్టుకున్నవాళ్ళు. ప్రతి ఆదివారం వచ్చి పక్కపక్కనే కూర్చుంటారు. ఒకరి మాట ఒకరికి వినపడదు. అందరికీ వినపడేలా ఒక పరికరం చేస్తామన్నారు పిల్లలు.

ప్రొఫెసరు గారి షరతు ఒకటే. పోయినేడు ఏదో సంస్థలో అన్నీ కార్యదర్శే చెప్పాడట. తీరా చేసిన యంత్రం మూలన పడింది. అందుకని ఈసారి వాడేవాళ్ళే నోరు తెరిచి చెప్పాలి. కావాలంటే పరికరం గదిలోనే ఉంటుంది. వద్దంటే వెనక్కి, ల్యాబు అలమరలోకి.

న్యాయమైన షరతు. దాన్ని బలపరుస్తూ నేను కొద్దిగా మాట్లాడాను. టీలు చల్లారాయి. మైతి గారు రైలు గేటు పడిపోతుందంటూ లేచారు. వెళ్తూ వెళ్తూ రాధ అంది: "మాస్టారూ, చాలా బాగా మాట్లాడతారండీ మీరు. వచ్చే వారం మాత్రం వాళ్ళని మాట్లాడనిస్తారా?"

గుచ్చుకుంది. అందుకే ఈ నిర్ణయం. సుజాతమ్మకి చెప్పాను. మా ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "జొరం నేదు మరి," అంది.

జనవరి 9. సోమవారం.

అద్భుతమైన రోజు. స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు సమ్మెలన్నీ సోమరులు చేసేవేనన్నాడు. నేను మంచినీళ్ళు తాగాను. మళ్ళీ అన్నాడు. మళ్ళీ తాగాను. గోల్‌బజార్ చేపల దుకాణంలో ఒకాయన, "ఇన్‌స్టిట్యూట్ లేకపోతే ఈ ఊరెక్కడిది?" అన్నాడు. రైలు లేకపోతే ఈ ఊరెక్కడిదని అడగడానికి నోరు తెరిచి, చేప మొప్ప చూస్తున్నట్టు నటించాను.

మౌనం ఇంత తేలికని ఇన్నాళ్ళూ తెలియలేదు.

అయితే ఒక మాట. డైరీలో రాసుకున్నది ఉపన్యాసం కాదు. కనుక రాస్తున్నాను. ఆవిరింజను అందం మీద పాటలు కట్టారు, పటాలు గీశారు, పిల్లల పుస్తకాల్లో అచ్చు వేశారు. ఆ బాయిలరు లోపల దూరి, రివెట్టు వెనక ఇనుప దిమ్మ ఆనించి పట్టుకున్న మనిషి సంగతి ఎవరికి పట్టింది? బయట సుత్తి పడుతుంటే లోపల వాడి తలకాయే గంట. మా నాన్న అలా కూర్చున్నవాడే. నేను గట్టిగా మాట్లాడతానని అందరూ ఆడిపోసుకుంటారు. నా చిన్నప్పుడు మా ఇంట్లో గట్టిగా అరిస్తేనే అన్నం పెట్టేవారు. ఈ సంఘానికి నన్ను కార్యదర్శిని చేసింది కూడా ఆ గొంతు చూసే.

జనవరి 15. ఆదివారం.

సర్వే. రాధ ఒక్కొక్కరి దగ్గరకీ వెళ్ళి అడిగింది.

"తాతగారూ, మీకు సరిగ్గా వినపడుతుందా?"

"ఠీక్ హై," అన్నారు అధ్యక్షుడు నూకయ్య గారు.

"సమావేశాల్లో ఇబ్బంది ఏమైనా ఉందా?"

"ఠీక్ హై."

"పరికరం ఏదైనా కావాలా, అక్కర్లేదా?"

"ఠీక్ హై, ఠీక్ హై."

గది మొత్తం అదే జవాబు. మురళీ అమాయకంగా రాసుకున్నాడు: వినికిడి బాగుంది, ఇబ్బంది లేదు.

ఇక్కడ నేను ఊరుకుంటే అది మౌనం కాదు, నేరం. వినపడని మనిషికి ఫోర్‌మన్ ముందు బతకడానికి మిగిలిన ఒకే ఒక్క మాట అదని పిల్లలకి చెప్పాను. ఇది వివరణ. వివరణ ఉపన్యాసం కాదు. ఆ తర్వాత పని తొందరగా అవుతుందని, అందరి జవాబులూ నేనే చెప్పి రాయించాను.

జనవరి 17. మంగళవారం.

రాధ సాయంత్రం ఇంటికి వచ్చింది. ప్రొఫెసరు గారు సర్వే వెనక్కి పంపారట.

"ఎందుకమ్మా?"

"డెబ్బై ఏళ్ళు దాటిన వాళ్ళందరూ ఒకే వాక్యం ఎలా చెప్పారని అడిగారండీ. 'దోపిడీ వ్యవస్థ' అన్న మాట ప్రతి కాగితంలోనూ ఉంది. ఒకాయన కాగితంలో అయితే రెండుసార్లు."

"అది నిజం కాదా?"

"నిజమేనండీ. కానీ నేనడిగింది ఏ చెవి బాగా వినపడుతుందని."

సుజాతమ్మ వంటింట్లోంచి నవ్వింది. నవ్వడానికేముందో నాకు అర్థం కాలేదు.

జనవరి 22. ఆదివారం.

మళ్ళీ సర్వే. "మాస్టారూ, మీరు కాసేపు బయట కూర్చుంటారా?" అని రాధ మర్యాదగా అడిగింది. మర్యాదగా కూర్చున్నాను. లోపల మురళీ ఒక్కొక్కరి చెవి దగ్గర నోరు పెట్టి, నిదానంగా అడుగుతున్నాడు. నాకిది ముందే తోచాల్సింది. నాకు అరవడం ఒక్కటే తోచింది.

అరుగు మీద నూకయ్య గారి భార్య అప్పలనర్సమ్మ గారు ఉన్నారు. ఆయనకి క్యారేజీ తెచ్చారు.

"బావూ, ఆ యంతరం మనకి ఒగ్గేస్తారా?"

"మీవాళ్ళు కావాలంటే ఒగ్గేస్తారమ్మా."

"కావాలనే అంటాడు. ఇంటికాడ గోడకేసి తిరిగి కూకుంటాడు. మనవలొచ్చి నవ్వితే, తన్ను సూసే నవ్వినారని లేసి పోతాడు. సెవిలో పెట్టుకునేది ఒకటి కొన్నాం. గిన్నె సప్పుడూ, రైలు కూతా, నా మాటా అన్నీ ఒకేలాగ ఇనబడతన్నాయని పెట్టిలో పడేసినాడు. వారానికోసారి ఇక్కడికొస్తాడు, అదొక్కటే. అదీ ఎందుకని అడిగితే, అందరూ నా లాటోళ్ళే గదా అంటాడు."

నాకు మాట రాలేదు. ఇది నిర్ణయం వల్ల కాదు.

ఆ తర్వాత కిటికీలోంచి లోపలికి ఒక చిన్న సవరణ చెప్పాను. సవరణ ఉపన్యాసం కాదు. మురళీ లేచి కిటికీ మూశాడు.

ఫిబ్రవరి 5. ఆదివారం.

పరికరం వచ్చింది. మధ్యలో బల్ల మీద మైకు. ప్రతి కుర్చీకీ ఒక చెక్కపెట్టె, చెవులకి తగిలించుకునే తొడుగులు, పెట్టె మీద తిప్పే బొత్తాం. ఎవరికి కావలసినంత చప్పుడు వాళ్ళు పెట్టుకోవచ్చు.

ముందు ఎవరు మాట్లాడాలన్న ప్రశ్న వచ్చింది. నేను లేచాను. రాధ మైకు పట్టుకెళ్ళి అప్పలనర్సమ్మ గారి ముందు పెట్టింది.

ఆవిడ సిగ్గుపడి, కొంగు సర్దుకుని అడిగారు: "ఏటి, ఇనబడతందా? నిన్న పులుసులో ఉప్పు నేదు. సెప్పకుండా తినీసినావేటి?"

నూకయ్య గారు తొడుగులు చెవులకి నొక్కుకుని మైకు వైపు వంగారు. తర్వాత అన్నారు: "సెప్తే నువ్వు బదులు సెప్తావు. నాకు ఇనబడదు. ఇంకెందుకని."

ఆ జవాబు కాదు, ఆ గొంతు. ఇన్నేళ్ళూ ఆయన మాట అంటే అరుపే. ఈ రోజు మైకులోంచి తన మాట తనకే వినపడింది కాబోలు, గొంతు దానంతటదే దిగింది. అంత మెత్తటి గొంతు ఆయన దగ్గర ఉందని నాకు తెలియదు. అప్పలనర్సమ్మ గారు మరచిపోయి ఉంటారు.

అక్కడ నేనేమీ మాట్లాడలేదు. అది కూడా లెక్కలోకి రావాలి.

ఫిబ్రవరి 12. ఆదివారం.

ఘోరం. పరికరంతో మొదటి సమావేశం. ఆనవాయితీ ప్రకారం పాత తీర్మానాలు చదివాను. చదవడం ఉపన్యాసం కాదు. మూడో తీర్మానం దగ్గర నూకయ్య గారు చెయ్యెత్తారు. ఈ సంఘంలో చెయ్యెత్తడం నేను చూడడం అదే మొదలు, ఓటుకి తప్ప.

"మాస్టారూ, టీ కొట్టుని బహిష్కరించినామా? మనవేనా?"

"మనమేనండీ. గ్లాసు చిన్నది చేసినందుకు. రెండేళ్ళయింది."

"వారం వారం అక్కడే తాగతన్నాం గదా."

"అందుకే కదా నేను బాధపడుతున్నది!"

గదంతా నవ్వు. అందరూ ఒకేసారి, ఒకే కారణానికి నవ్వారు. రెండేళ్ళుగా ఆ కొట్టు ముందు నుంచి గొంతెండిపోయి తలెత్తుకుని నడిచిందెవరు? నేనొక్కణ్ణే. వీళ్ళకి క్రమశిక్షణ లేదనుకున్నాను. వీళ్ళకి సమాచారమే లేదు.

ఉద్యమం ఎలా ఉండాలో చెప్పాల్సి వచ్చింది. జవాబు ఉపన్యాసం కాదు. జవాబు పొడుగ్గా ఉంటే, తప్పు ప్రశ్నది.

ఫిబ్రవరి 26. ఆదివారం.

పరీక్ష రోజు. మైతి గారితోపాటు ఇంకో ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. నా పని రెండు వాక్యాలు: నమస్కారం, వీరు మా సభ్యులు.

మైకు నా చేతికిచ్చింది రాధే. నమోదు కోసం రాస్తున్నాను.

నమస్కారం అన్నాను. వీరు మా సభ్యులు అన్నాను. ఈ చెవులు ఎవరివి అని అడిగాను. రివెట్టు, దిమ్మ, బాయిలరు. ఈ చెవులు అమ్మి కొన్న వేగంలో ఎవరు ప్రయాణించారు? ఊరికి ఆ పక్క అంత పెద్ద చదువు, ఈ పక్క ఇంత చెవుడు. మధ్యలో ఒక్క రైలు గేటు. దాన్ని దాటడానికి మీకు ఇన్నేళ్ళు ఎందుకు పట్టింది? నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. సభ్యులు కళ్ళు మూసుకున్నారు. చలించిపోయారనుకున్నాను.

మైతి గారు లేచి కుర్చీల వెంట నడిచారు. ఒక్కొక్క పెట్టె మీదకీ వంగి చూశారు. ప్రతి బొత్తామూ సున్నా దగ్గరే ఉంది.

"ఎవరూ వినడం లేదు," అన్నారాయన హిందీలో. "అరగంట కూడా వాడలేనిది ఇక్కడ వదిలి ఏం లాభం? వెనక్కి తీసుకెళ్దాం."

రాధ మొహం పాలిపోయింది. మురళీ అప్పుడే వైర్ల వైపు చూస్తున్నాడు. నేను మైకు గట్టిగా పట్టుకుని, "ఇది పరికరం లోపం కాదు, వ్యవస్థ..." అని మొదలుపెట్టాను. వెనక నుంచి ఎవరో నా చొక్కా లాగారు. అప్పలనర్సమ్మ గారు.

"బావూ, మీరూరుకోండి. ఆయన్ని సెప్పనీండి. మీకు దండం ఎడతాను."

నేను కూర్చున్నాను. నూకయ్య గారు మైకు అందుకున్నారు. అదే మెత్తటి గొంతు.

"అమ్మా రాధా, ఆ బాబుకి నువ్వు సెప్పు. కట్టీసింది ఇనబడక కాదు. ఇనబడే కట్టీసినాం. మాస్టారు మంచోడు, మన గురించే మాట్లాడతన్నాడు. కానీ సూడమ్మా, ముప్పై ఏళ్ళు బాయిలర్లోన కూకున్నాను. సుత్తి పడతానే ఉంటాది. ఆపడానికి నా సేతిలో ఏటీ నేదు. ఇప్పుడు తిప్పితే ఆగిపోతంది. మళ్ళీ తిప్పితే మా ఆడది మాట్లాడతాది. ఇది మాకు ఒగ్గీండమ్మా."

రాధ అదంతా హిందీలో చెప్పింది, మధ్యలో ఒకసారి ఆగి. మైతి గారు ఏమీ రాయలేదు. కలం మూసి జేబులో పెట్టుకున్నారు. పరికరం ఇక్కడే ఉంటుందన్నారు.

రాత్రి అన్నం సహించలేదు. నన్ను సుత్తితో పోల్చాడు. దీన్ని వ్యక్తిగతంగా తీసుకోకూడదు. తీసుకున్నాను. "మీ వల్లే గదా ఆ యంతరం ఉండిపోయింది," అంది సుజాతమ్మ. ఓదార్పో వెక్కిరింతో తేలలేదు.

మార్చి 5. ఆదివారం.

నూకయ్య గారే సమావేశం నడిపారు. టీ కొట్టు బహిష్కరణ రద్దు. వ్యతిరేకంగా ఒక్క ఓటు, నాది. తర్వాత గది కప్పు మరమ్మతు మీద ఒకరితో ఒకరు గొడవపడ్డారు. మాటకి మాట. ఒకాయన అలిగి లేచి, ఏమంటారోనని మళ్ళీ వచ్చి తొడుగులు తగిలించుకున్నాడు.

మూలన కూర్చుని చూశాను. ఇన్నేళ్ళూ 'ఏకగ్రీవం' అని ఎంత గర్వంగా రాశాను. ఒక్కటీ ఏకగ్రీవం కాదు, వినపడకపోవడం. తల ఊపే జనం కావాలంటే పాలకుల పక్షానే చేరి ఉండొచ్చు కదా నేను. జనం నోరు విప్పాలని పాతికేళ్ళుగా అరుస్తున్నాను. విప్పారు. ముందు నామీదే విప్పారు. సరే, ఎక్కడో ఒక చోట మొదలవ్వాలి.

టీ కొట్టుకి వెళ్ళాను. గ్లాసు నిజంగానే చిన్నది.

మార్చి 6. సోమవారం.

ఈ రోజు నుంచి ఉపన్యాసం బంద్. ఈసారి ప్రాజెక్టు కోసం కాదు, సిద్ధాంతరీత్యా. మినహాయింపులు లేవు. వివరణ కూడా ఉపన్యాసమే. సవరణా అంతే. కిటికీ కూడా.

అయితే ఒక కార్యదర్శి ఎందుకు మౌనంగా ఉండాలి అన్న విషయంలో సభ్యులకి స్పష్టత ఉండాలి. ప్రజాస్వామ్యంలో అది చాలా కీలకమైన ప్రశ్న. వచ్చే ఆదివారం దాన్ని క్లుప్తంగా వివరిస్తే సరిపోతుంది. పది నిమిషాలు. మహా అయితే పదిహేను.

సాయంత్రం గదికి వెళ్ళి (నూకయ్య గారిప్పుడు రోజూ వస్తున్నారు), ఆ పదిహేను నిమిషాలు ఇమ్మని మైకులోనే ఆయన్ని అడిగాను. ఆయన తొడుగులు సర్దుకుని, మొత్తం విన్నారు.

"సూద్దాం బావూ," అన్నారు. "ఆలోసించి సెప్తాను."