పెద్ద తలుపు రెండు రెక్కలూ తీస్తారు

అమ్మా, పాప కడుపునిండా పాలు తాగి పడుకుంది, మా గురించి బెంగ వద్దు. ఆదివారం బాప్తిస్మానికి రానన్నావని చెల్లి రాసింది. మన ముత్తాతల్ని ‘కాగోలు’, అంటరానివాళ్లు అని వెలివేసి, ఈ చర్చిలోకి పక్కనున్న పొట్టి గుమ్మంలోంచి నడుం వంచి రమ్మన్నారు. ఆ గుమ్మం చూడలేననేగా నీ బాధ?

నిన్న చర్చి తాళాలు చూసే సెర్నిన్ ముసలాయన, “మీ అమ్మకి మోకాళ్ల నొప్పులు కదా, అటైతే మెట్లుండవు, చిన్న గుమ్మంలోంచి తీసుకురావయ్యా” అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

“వందల ఏళ్లు వంగింది చాలదా? వడ్రంగం తప్ప వేరే పని చెయ్యనివ్వని మావాళ్లేగా ఈ దూలాలెత్తింది! కప్పు కావాలిగానీ కప్పినవాళ్లు అక్కర్లేదా?”

“అరవకయ్యా, పైన పావురాలు బెదురుతున్నాయి. పెద్ద తలుపు రెండు రెక్కలూ తీస్తాలే. కానీ పెళ్లికూతురికీ శవపేటికకీ తప్ప అలా తియ్యం. మీ అమ్మని దేని కింద జమకట్టను?”

“పెళ్లికూతురి కిందే!”

ముసలాయన పకపకా నవ్వి, గడియకు నూనె రాయడానికి వెళ్లాడు.

మోకాళ్లకు బాతు కొవ్వు రాస్తున్నావా? వచ్చేటప్పుడు చిక్కుడు విత్తనాలు తే. చెల్లికి నా ముద్దులు. మెట్ల దగ్గర నిన్ను నేను ఎత్తుకుంటాను, సిగ్గుపడకు. బిడ్డను గడప దాటించాల్సింది నాయనమ్మే అమ్మా. నువ్వు వచ్చేదాకా బయటే నిలబడతాం.

నీ బెర్నాట్