ట్రక్కు మీద పెట్టె కూర్చోబెట్టిన సంగతి

ములింగార్, ఐర్లాండ్,
శనివారం

ప్రియమైన అన్నయ్యకు,

ప్రభువు పేరిట నీకూ వదినకూ కరుణ వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ మేం ముగ్గురం కులాసా. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? వదిన షుగరు మాత్రలు వేళకు వేసుకుంటోందా, లేక పెళ్ళి భోజనాల రోజున మాత్రకు కూడా సెలవిస్తోందా? నా మేనకోడలు స్నేహ పరీక్షలు అయిపోయాయి కాబట్టి కాస్త కంటినిండా నిద్రపోతోందనుకుంటాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వకు. ఫోన్ చేస్తే నీ లారీ బాడీల షెడ్డులో సుత్తి దెబ్బలు తప్ప నీ మాట వినబడదు. నేను అసలు సంగతి మొదలుపెట్టేసరికి ఎవరో లారీ ఓనరు వచ్చాడని పెట్టేస్తావు. ఉత్తరాన్నైతే తీరిగ్గా చదువుతావు. ఇక్కడి కాలేజీలో నర్సింగ్ సీటు కోసం స్నేహ దరఖాస్తు పంపి, మా ఇంట్లోనే ఉంటుందని నన్ను సంతకం చేయమన్నావు. నెలాఖరు గడువన్నావు. ఆ కాగితం వంటింటి ప్రెస్‌లో ఉంది. ఇక్కడ అలమరను ప్రెస్ అంటారు, మాకూ అలవాటైపోయింది. నేనింకా సంతకం చేయలేదు. ఎందుకు చేయలేదో చెప్పాలంటే ముందు మా ట్రక్కు సంగతి చెప్పాలి.

అవును, ట్రక్కే. సైన్యం వాళ్ళు వాడి, ఇక అక్కర్లేదని అమ్మేసిన ట్రక్కు మీ బావ కొన్నారు. గోడకు మేకు కొట్టమంటే వేలికి కొట్టుకునే మనిషని నీకు తెలుసు. ఇంట్లో కూర్చుని కంప్యూటర్ పని చేసుకుంటూ, మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు వీడియోలు చూస్తారు. ఎవరెవరో పాత ట్రక్కుల మీద గది కట్టుకుని, అందులో మంచం, పొయ్యి పెట్టుకుని దేశమంతా తిరుగుతారట. ఆరేళ్ళుగా అద్దె ఇంట్లో ఉన్నాం, కనీసం చక్రాల మీదైనా సొంతిల్లు ఉండాలని ఆయన వాదన. ఒక శనివారం బియ్యం బస్తా తెస్తానని డబ్లిన్ వెళ్ళి, ట్రక్కు ఫోటోతో తిరిగొచ్చారు. బియ్యానికి వెళ్ళి బండి కొనుక్కొచ్చిన మగాణ్ణి నేను ఇంతవరకు ఎక్కడా వినలేదు.

రెండు వారాలు మా మధ్య మాటల్లేవు. ఏం చెప్పాలన్నా లిడియా ద్వారానే. డాడీని అన్నానికి రమ్మను, మమ్మీకి చపాతీ వద్దట, ఇలా సాగింది. దానికి పదమూడేళ్ళు వచ్చాయి. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇక్కడి పిల్లల యాసలో ఇంగ్లీషులో ఇస్తుంది. జీతం ఇస్తే తప్ప ఈ రాయబారం తనవల్ల కాదని మూడో రోజే చేతులెత్తేసింది.

తర్వాత ట్రక్కు రానే వచ్చింది. ముదురు ఆకుపచ్చ రంగు. చక్రాలు నా ఛాతీ ఎత్తున ఉన్నాయి. గుంతలో దిగినా గుట్ట ఎక్కినా నాలుగు చక్రాలూ లాగుతాయట. తిట్టాలనే వెళ్ళాను గానీ, వెళ్ళగానే వంగి బండి అడుగున చాసిస్ చట్రాన్ని చూశాను. ఎందుకు వంగానో నాకే తెలీదు. షెడ్డుకు ఏ బండి వచ్చినా నాన్న ముందు అదే చేసేవాడు కదా. చాసిస్ చక్కగా ఉంది, ఎక్కడా అతుకు లేదు, తుప్పు పైపైనే. నా కోపం సగం అక్కడే తగ్గింది. మిగతా సగం పరువు కోసం ఇంకో వారం ఉంచుకున్నాను.

ఇంటి ముందు ఇంత బండి పెడితే ఓనరు ఒప్పుకోడు. పైగా ఇక్కడ కారు లైసెన్స్ మీద ఇంత బరువు బండి తోలకూడదు. ఆ రెండు చిక్కులూ నోయెల్ తీర్చాడు. పేరు విని మన సంఘం మనిషి అనుకునేవు, డెబ్బై ఏళ్ళ ఐరిష్ రైతు. వాళ్ళావిడ మా హాస్పిటల్ వార్డులో ఉన్నప్పుడు పరిచయం. ఒకప్పుడు లారీ తోలాడు, లైసెన్స్ ఇప్పటికీ ఉంది. ఊరి బయట వాళ్ళ ఆవరణలో బండి పెట్టుకోమన్నాడు. ఏది అడిగినా గ్రాండ్ అంటాడు, అంతా బాగానే ఉందని ఇక్కడి అర్థం. వాన పడినా గ్రాండే, బండి స్టార్ట్ కాకపోయినా గ్రాండే.

గది కోసం చల్లటి సరుకు మోసే పాత కోల్డ్ వ్యాన్ పెట్టె ఒకటి దొరికింది. గోడలు మందం, చలి లోపలికి రాదు. దానికి కిటికీ, తలుపు పెట్టారు. ఇక పెట్టెను చాసిస్ మీద కూర్చోబెట్టాలి. ఆ రోజు నాకు సెలవు. పప్పుచారు, వంకాయ వేపుడు చేసి, కేరేజీలో సర్ది తీసుకెళ్ళాను. తీసుకెళ్ళి గేటు బయట నిలబడ్డాను. వాన పడుతోంది. అలాగే నిలబడ్డాను.

లారీ చాసిస్ మీద బాడీ కూర్చోబెట్టే రోజు ఆడవాళ్ళు షెడ్డు గుమ్మం దాటకూడదని నాన్న నియమం. నీకు గుర్తుండే ఉంటుంది, నువ్వు లోపల ఉండేవాడివి. అమ్మ నా చేతికి కేరేజీ ఇచ్చి పంపేది. నేను బయట సిమెంటు దిమ్మ మీద కూర్చుని, మీరు పిలిచి కేరేజీ అందుకునేదాకా చూస్తూ ఉండేదాన్ని. ఆటోనగర్ వదిలి ఇరవై ఏళ్ళయింది, సముద్రాలు దాటి వచ్చాను, హాస్పిటల్లో నా కింద పన్నెండు మంది పని చేస్తారు. అయినా ఆ గేటు దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. వానలో ఎందుకు నిలబడ్డావని నోయెల్ అడిగితే, ఫర్వాలేదు, మీ పని కానివ్వండని చెప్పాను.

గేటు దగ్గర్నుంచే నాకు తప్పు కనబడింది. పెట్టెను తెచ్చి ఇనుము మీద ఇనుము పెట్టేశారు. మధ్యలో చెక్క లేదు. నాలుగు మూలలా బోల్టులు గట్టిగా బిగించేశారు. నాన్న అయితే ఇలా చేయడని మనసులో అనుకున్నాను, పైకి అనలేదు. మీ బావ వీడియో చూసి చేస్తున్నారు, నోయెల్ లారీ తోలినవాడు, మధ్యలో నేనెవరిని అనిపించింది. కేరేజీ అందించి ఇంటికొచ్చేశాను.

గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే. మర్నాడు నోయెల్ పొలంలో మిట్ట ఎక్కించి చూద్దామన్నారు. చప్పుళ్ళు ఎక్కడొస్తాయో వినాలని మీ బావ పెట్టెలోకెక్కి తలుపేసుకున్నారు. ముందు చక్రం ఒకటి మిట్ట మీదికెక్కింది. చాసిస్ మెలి తిరిగింది. పెట్టె మూల దగ్గర టప్‌మని చీలింది. తలుపు బిగుసుకుపోయింది. లోపల్నుంచి మీ బావ గుద్దుతున్నారు, లిడియా నవ్వలేక కడుపు పట్టుకుంది. నోయెల్ మాత్రం కిందికి దిగి చూసి, గ్రాండ్ అన్నాడు. బండిని చదును నేల మీదికి తెచ్చేసరికి తలుపు దానంతటదే వచ్చింది. మీ బావ ముఖం తెల్లగా పాలిపోయి దిగారు. మూడు నెలల పని పాడైందని, ట్రక్కు అమ్మేస్తానని అన్నారు. ఆయన్ను అంత దిగాలుగా నేనెప్పుడూ చూడలేదు. ముందురోజు నేను ఒక్క మాట అని ఉంటే ఇది జరిగేది కాదు.

ఆ సాయంత్రం నీకు ఫోన్ చేశాను, నువ్వు ఎత్తలేదు. స్నేహకు చేశాను. క్వారీ బండ్లకు నాన్న బోల్టుల కింద స్ప్రింగులు వేసేవాడని గుర్తుంది గానీ ముందు వేసేవాడో వెనక వేసేవాడో గుర్తు రాలేదు. మీ నాన్నను కనుక్కుని చెప్పమన్నాను.

"నాన్నని అడగక్కర్లేదత్తా. ఎనక గట్టిగా బిగిస్తారు. ముందు బోల్టులకి స్ప్రింగులేస్తారు. బండి మెలి తిరిగినప్పుడు ముందు కొంచెం లేచి మళ్ళీ కూర్చోవాల. మధ్యలో పొడుగూతా చెక్కుండాల, లేకపోతే ఇనుం ఇనుం రాసుకుంటది" అంది.

పావుగంటలో కాగితం మీద బొమ్మ గీసి, ఎక్కడెక్కడ ఎంత మందం చెక్క వేయాలో రాసి ఫోటో పంపింది. ఆ బొమ్మకు నకలు ఈ ఉత్తరంతో పెడుతున్నాను, చూడు. నీ చేతి గీతలాగే ఉంది. ఇవన్నీ నీకెలా తెలుసని అడిగాను. కేరేజీ తెచ్చినప్పుడల్లా చూస్తానంది. ఇంకో మాట కూడా అంది.

"నాకు ఐర్లాండొద్దత్తా, షెడ్డు కావాల. నేంజెబితే నాన్న నవ్వేస్తన్నాడు. నువ్వు చెప్పవా?"

మరుసటి శనివారం నేను గేటు దగ్గర ఆగలేదు. పాత ప్యాంటు వేసుకుని నేరుగా లోపలికెళ్ళి, బోల్టులన్నీ విప్పించాను. మీ బావ వీడియో చూపించబోతే ఫోన్ తీసి జేబులో పెట్టుకోమన్నాను. నోయెల్ దగ్గర ఎండిన ఓక్ దుంగలున్నాయి, స్నేహ చెప్పిన మందానికి కోయించాను. ముందు బోల్టుల కింద స్ప్రింగులు నేనే వేశాను. సందులోకి చెయ్యి పెట్టి నట్టు తిప్పుతుంటే చర్మం గీరుకుపోయింది. నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను అన్నయ్యా. చీలిన మూలకు రేకు పట్టీ వేసి అతికించారు.

మళ్ళీ అదే మిట్ట ఎక్కించాం. ఈసారి పెట్టెలో నేను కూర్చున్నాను. చక్రం పైకెక్కింది, కింద చెక్క కిర్రుమంది. తలుపు తోస్తే వచ్చింది, లాగితే పడింది. పది సార్లు తీసి వేసి చూశాను. మీ బావ బయట నిలబడి చప్పట్లు కొట్టారు. పోయిన ఆదివారం ప్రార్థన అయ్యాక నోయెల్ బండి తోలగా చెరువు గట్టుకు వెళ్ళి, పెట్టెలో పొయ్యి వెలిగించి టమాటా పప్పు వండుకు తిన్నాం. వాన ఆగలేదు, మేమూ ఆగలేదు. మీ బావ పెద్ద బండి లైసెన్స్ కోసం చదువుతున్నారు. తోడుగా నేనూ దరఖాస్తు పెట్టాను. మా ఇద్దరిలో ఎవరు ముందు పాసవుతారో లిడియా పందెం కాస్తోంది. నా మీదే కాసింది.

వచ్చే నెల ఎవరైనా ఇటు వస్తుంటే ఆవకాయ, కొత్త కారం పంపించు. లారీల వెనక పూలు, చిలకలు వేసే మీ పెయింటర్ వాడే బ్రష్షులు కూడా నాలుగు పంపు. బండి వెనక చిలక లేకపోతే అది మన బండే కాదని లిడియాకు చెప్పాను, నమ్మింది.

ఇక ఆ కాగితం సంగతి. నర్సింగ్‌ను నేను తక్కువ చేయను. అది నాకు అన్నం పెట్టింది, గౌరవం ఇచ్చింది. స్నేహ వస్తే కళ్ళకద్దుకుని చూసుకుంటాను, సంతకానికి నిమిషం పట్టదు. అది ఇష్టపడి వస్తానంటే ఆ రోజే పంపుతాను. కానీ కొడుకు లేడు కాబట్టి నీ తర్వాత షెడ్డు అమ్మేయాల్సిందేనని పోయినసారి మేం వచ్చినప్పుడు నువ్వు అన్నావు. అప్పుడు స్నేహ మనకు వడ్డిస్తోంది. చేతిలో గరిటె ఆగింది, నేను చూశాను. సంబంధాలు ఎలా వస్తాయని వదిన భయపడుతుందని తెలుసు. ఆ భయం నాకు వదిలెయ్యి, వదినతో నేను మాట్లాడతాను.

నన్నెవరూ లోపలికి పిలవలేదని నాన్న మీదా నీ మీదా నాకు కోపం లేదు. నేను ఏనాడూ అడగలేదు. ఎంత ఆశగా ఉండేదో నీకు కూడా చెప్పలేదు. స్నేహ అడుగుతోంది. ముందు నవ్వకుండా విను. దాన్ని తిట్టకు, నాతో చెప్పిందని అలగకు.

వదినకు, పాస్టరుగారికి, పక్కింటి పెద్దమ్మకు మా వందనాలు చెప్పు. మా ప్రయాణాల కోసం ప్రార్థన చెయ్యి. నన్నూ మీ బావనూ లిడియానూ ఆశీర్వదించు. స్నేహను మాత్రం ఆశీర్వదించి ఊరుకోకు అన్నయ్యా, ఈసారి బాడీ కూర్చోబెట్టే రోజున దాన్ని లోపలికి పిలువు.

నీ చెల్లెలు,
కరుణ