నాలుగు నిమిషాల నిబంధన

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. ‘అంతా’ అన్న మాటలో ఇకపై ఒకరు తగ్గారని సవరించి చదువుకోగలవు. మీ బావగారి మోకాలు యథాస్థితిలో ఉంది. వంటింటి కుళాయి కారుతూనే ఉంది. దానిపై తగు చర్య తీసుకోగలనని ఆయన మూడోసారి హామీ ఇచ్చారు.

కండక్టర్ తాత పోయారన్న కబురు విని నువ్వు రాసిన ఉత్తరం సోమవారం అందింది. నీ ప్రశ్నలకు వరుసగా జవాబిస్తాను. ఆఫీసులో ఇరవై రెండేళ్లు సర్క్యులర్లు రాసిన చెయ్యి ఇది, వేరే పద్ధతి తెలియదు.

మొదటిది. ఎక్కువ బాధపడకుండానే పోయారు. ఆసుపత్రిలో పదకొండు రోజులున్నారు. వార్డు నిండిందా, ఇంకా సీట్లున్నాయా అని నర్సును రోజూ అడిగేవారట. ముప్పై ఏళ్లు బస్సులోనూ, ఇరవై ఏళ్లు మన చర్చి సంఘ పెద్దగానూ పనిచేసిన ఆ మనిషికి రెండు ఉద్యోగాల మధ్య తేడా కనిపించినట్టు ఆధారాలు లేవు.

రెండవది. సమాధి కార్యక్రమానికి జనం బాగా వచ్చారు. చోటు చాలక గోడ బయట కూడా నిలబడ్డారు. పాస్టరుగారు ప్రసంగం మధ్యలో కళ్లజోడు తుడుచుకోవడానికి ఆగి, ఎక్కడ ఆపారో మరచిపోయి, మళ్లీ మొదలుపెట్టలేదు. ఎవరూ గుర్తుచేయలేదు. పెట్టె మోయడానికి కమిటీ ఆరుగురిని నియమించింది. పదహారు మంది మోశారు. బొత్తిగా క్రమశిక్షణ లేదు.

మూడవది, చివరివరకూ నీ పేరు చదివారా అన్నది. పాటల బృందంలో గొడవపడి, ఇక ఆ గుమ్మం తొక్కనని నువ్వు వెళ్లిపోయి తొమ్మిదేళ్లయింది. అయినా ప్రతి ఆదివారం అక్కడ ఒకాయన నీ పేరు పలుకుతున్నాడన్న ధైర్యంతోనే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చానని రాశావు. ఆ వాక్యం చదివాక మూడు రోజులు కలం ముట్టుకోలేదు. అవునని రాసి పడెయ్యమని మీ బావగారి సలహా. అది తిరస్కరించడమైనది.

జరిగింది చెబుతాను. ఆరాధన మొదట్లో తాత లేచి తలలు లెక్కపెట్టడం, ప్రార్థనలో ఆ రోజు రానివాళ్లను ఒక్కొక్కరినే పేరు పెట్టి దేవునికి అప్పగించడం నువ్వెరిగినదే. నీ రోజుల్లో పాతిక పేర్లుండేవి. ఈ మధ్య డెబ్భై దాటాయి. పిల్లలు ఏడుస్తున్నారని, పెద్దలు నిద్రపోతున్నారని కమిటీ దృష్టికి వచ్చింది. కమిటీ కార్యదర్శిని నేను. పెద్దల ప్రార్థన నాలుగు నిమిషాలు మించరాదని తీర్మానం రాసిందీ నేనే. భాష చక్కగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు.

ఆ కాగితం పట్టుకుని తాత మా ఇంటికి వచ్చారు. కోపంగా లేరు. పేర్ల పుస్తకం బల్ల మీద పరిచారు.

“నాలుగు నిమిషాల్లో అందరూ పట్టరమ్మా. ఎవర్ని దించెయ్యమంటావు?”

ఇక రామని తేల్చి చెప్పినవాళ్లను తీసేస్తే సరిపోతుందన్నాను. ఆయన వేలు పేజీలో కిందికి జారి ఒకచోట ఆగింది.

“మీ తమ్ముణ్ణి కూడానా?”

పక్షపాతం చూపిందన్న మాట రాకూడదని, నిబంధన అందరికీ ఒకటేనన్నాను. తనకు చెయ్యి రాదని కలం నాకిచ్చారు. తమ్ముడూ, నీ పేరు నేనే కొట్టేశాను. స్కేలు పెట్టి, గీత వంకర పోకుండా.

తర్వాత మూడు నెలల్లో ఆయన ఒక్క ఆదివారం కూడా సమయం దాటలేదు. కాకపోతే, నీ పేరు రావలసిన చోట నా పేరు చదివేవారు. నేనేమో మొదటి బెంచీలో, ఆయన ఎదురుగానే కూర్చుని ఉండేదాన్ని. వయసు మీద పడి జ్ఞాపకం తప్పుతోందనుకున్నాను. మరో పెద్దను నియమించే విషయం పరిశీలించవలసిందిగా కమిటీ పుస్తకంలో రాశాను కూడా.

సమాధి అయిన మర్నాడు తాత వాళ్ల ఇంటికి వెళ్లి, పాపం ఆయన చివర్లో తడబడ్డారు కదా అని మామ్మతో అన్నాను. ఆయన చొక్కాలు మడతపెడుతున్న మామ్మ తల ఎత్తలేదు.

“ఏం తడబడలేదే. ఎదురుగా ఉన్న పిల్లను రానివాళ్లలో కలుపుతారేంటని నేనూ అడిగాను. తమ్ముణ్ణి దించిన రోజే అదీ దిగిపోయింది, దానికింకా తెలీదు అన్నారు.”

నేనూ ఒక చొక్కా తీసుకుని మడతపెట్టాను. బాగా రాలేదని ఆమె దాన్ని విప్పి మళ్లీ మడిచింది.

కాబట్టి మూడో ప్రశ్నకు జవాబు: లేదు, చదవలేదు. నేను చదవనివ్వలేదు. ఇంట్లోనైనా తలుచుకుని ఉంటారేమోనని, నీకు పంపడానికి ఆ ఒక్క మాటైనా దొరుకుతుందని మామ్మను అడిగాను. పైకి అనగా వినలేదమ్మా అంది. ఆయన్ను అడగడానికి నాకు పదకొండు రోజుల గడువుండింది. రెండుసార్లు ఆసుపత్రికి వెళ్లి, రెండుసార్లూ చర్చి పైకప్పు మరమ్మతు గురించి మాట్లాడి వచ్చాను. చెయ్యి పట్టుకుని, శ్రద్ధగా విన్నారు.

ఈ ఆదివారం కాక పై ఆదివారం సంతాప తీర్మానం నేను చదవాలి. రాసి పాస్టరుగారికి ఇచ్చేశాను, ఆయనే చదువుకుంటారు. ఆ ఉదయం ఆరు గంటల బస్సుకు నీ దగ్గరకు బయలుదేరుతున్నాను. తొమ్మిదేళ్లలో నీ గుమ్మం నేనూ తొక్కలేదని టికెట్టు తీసుకునేటప్పుడు గాని తట్టలేదు. మధ్యాహ్నానికి చేరతాను. నువ్వు తలుపు తీయకపోతే తప్పుపట్టను, మెట్ల మీద కూర్చుంటాను. సాయంత్రం వరకూ తిరుగు బస్సు లేదు.

ఇట్లు,
నీ పేరు కొట్టేసిన
అక్క